ఛార్జ్ చేసిన కెపాసిటర్‌లో డైఎలెక్ట్రిక్ దూరిస్తే: మారకుండా ఉండేది ఆవేశమా, వోల్టేజా?

సమాంతర పలకల కెపాసిటర్ ఒకటి ఉంది, అంటే ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు పలకల మీద విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసే పరికరం. ఒక్కో పలక పొడవు, వెడల్పు 10 సెంటీమీటర్లు. రెండు పలకల మధ్య ఎడం 1 మిల్లీమీటరు, ఆ ఎడంలో ఉన్నది గాలి. లెక్క కడితే దీని కెపాసిటెన్స్, అంటే ఒక్కో వోల్టుకు ఎంత ఆవేశం పట్టగలదన్న కొలత, దాదాపు 88.5 పికోఫారడ్‌లు వస్తుంది. దీన్ని 300 వోల్టుల సప్లైకి కలిపి ఛార్జ్ చేశారు. ఇప్పుడు ఆ సందులో సరిగ్గా పట్టేలా 1 మిల్లీమీటరు మందం ఉన్న అభ్రకం (మైకా) పలకను, అంటే కరెంటును పారనివ్వని ఒక డైఎలెక్ట్రిక్‌ను, దూరిస్తే, కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో, ఈఏపీసెట్, జేఈఈ పేపర్లలో ఏదో ఒక వేషంలో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఆరో వంతుకు తగ్గుతుందన్నవాళ్లూ, ఆరు రెట్లు పెరుగుతుందన్నవాళ్లూ ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఎందుకంటే ప్రశ్న సగమే అడిగారు. పలకను దూర్చే సమయానికి సప్లై వైర్లు ఇంకా తగిలించి ఉన్నాయా, తీసేశారా అన్నది చెప్పలేదు.

కోచింగ్ మెటీరియల్‌లో దీనికి రెండు వరుసల పట్టిక ఒకటి ఉంటుంది. బ్యాటరీ తీసేస్తే ఇవి తగ్గుతాయి, బ్యాటరీ ఉంటే ఇవి పెరుగుతాయి అని. పరీక్షలో నాలుగు మార్కులకు అది చాలు. కానీ తగ్గిన శక్తి ఎటు పోయిందో, పెరిగిన శక్తికి ఎవరు డబ్బు కట్టారో ఆ పట్టిక చెప్పదు. పలక సందు మందం మొత్తాన్ని కాకుండా సగాన్నే నింపితే ఏమవుతుందో అసలే చెప్పదు. తమాషా ఏమిటంటే, నిజమైన పరికరాలకు ముప్పు తెచ్చేది ఆ మూడో సందర్భమే.

ముందు వైర్లు తీసేసిన కేసు చూద్దాం. 300 వోల్టుల దగ్గర పలకల మీద 26.6 నానోకూలుంబ్‌ల ఆవేశం చేరింది. నిల్వ ఉన్న శక్తి దాదాపు 4 మైక్రోజౌల్‌లు. వైర్లు తీసేశాక ఆ ఆవేశానికి బయటికి పోయే దారి లేదు, కొత్తగా వచ్చే దారీ లేదు. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటే, ఆ పదార్థంతో సందును నింపితే కెపాసిటెన్స్ ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె. అభ్రకానికి అది రకాన్ని బట్టి 5 నుంచి 7 దాకా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి 6 అనుకుందాం. పలక పూర్తిగా లోపలికి వెళ్లేసరికి కెపాసిటెన్స్ 531 పికోఫారడ్‌లకు చేరుతుంది. ఆవేశం అంతే ఉంది కాబట్టి వోల్టేజి 300 నుంచి 50కి పడిపోతుంది. మధ్యలోని విద్యుత్ క్షేత్రం మిల్లీమీటరుకు 300 వోల్టుల నుంచి 50 వోల్టులకు దిగుతుంది. శక్తి 4 మైక్రోజౌల్‌ల నుంచి 0.66కి తగ్గుతుంది.

ఆవేశం పోకుండానే క్షేత్రం ఎలా తగ్గింది? అభ్రకంలోని ఎలక్ట్రాన్లు లోహంలోలా స్వేచ్ఛగా పరుగెత్తలేవు. ఉన్నచోటే ఉండి పాజిటివ్ పలక వైపు రవ్వంత జరుగుతాయి. అభ్రకం లోపల ఈ జరుగుడు కనిపించదు. ఒక పరమాణువు వదిలిన చోటును పక్క పరమాణువు భర్తీ చేస్తుంది. భర్తీ చేసేవాళ్లు లేనిది రెండు ఉపరితలాల దగ్గరే. పాజిటివ్ పలకకు ఎదురుగా ఉన్న ముఖం మీద నెగెటివ్ ఆవేశం, అవతలి ముఖం మీద పాజిటివ్ ఆవేశం తేలతాయి. దీన్నే ధ్రువణం అంటారు. స్థిరాంకం 6 అయినప్పుడు ఇలా తేలే ఆవేశం పలకల మీద ఉన్నదాంట్లో ఆరింట ఐదు వంతులు, అంటే 22.2 నానోకూలుంబ్‌లు. ఆ మేరకు ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. క్షేత్రాన్ని పుట్టించడానికి మిగిలేది 4.4 నానోకూలుంబ్‌లే.

ఆ జరుగుడు ఎంత చిన్నదో ఓసారి లెక్క కట్టి చూడడం మంచిది. ఒక ఘనమీటరు అభ్రకంలో ఎలక్ట్రాన్ల సంఖ్య సుమారు 8 పక్కన 29 సున్నాలు. అవన్నీ సమానంగా జరిగాయనుకుని సగటు తీస్తే, 22.2 నానోకూలుంబ్‌లు ఉపరితలం మీద తేలడానికి ఒక్కో ఎలక్ట్రాన్ మేఘం జరగాల్సిన దూరం పరమాణు కేంద్రకం సైజులో వందో వంతు స్థాయిలో వస్తుంది. పరమాణువు సైజులో కాదు, కేంద్రకం సైజులో. వోల్టేజిని ఆరో వంతుకు దించేసిన మార్పు మొత్తం ఇంతే.

ఇక పోయిన శక్తి సంగతి. 4లోంచి 0.66 తీసేస్తే 3.3 మైక్రోజౌల్‌లు లెక్కలో కనబడకుండా పోయాయి. వేడి అయిందని తేల్చేయడం తొందరపాటు. అభ్రకం పలక అంచు కెపాసిటర్ మూతి దగ్గరికి రాగానే దాన్ని లోపలికి లాగే బలం ఒకటి పనిచేయడం మొదలవుతుంది. చేత్తో పట్టుకుని మెల్లగా దూరిస్తే నిజానికి చేయి తోయక్కర్లేదు, పలక దూసుకుపోకుండా వెనక్కి ఆపాలి. ఆ శక్తి చేతికి చేరుతుంది. వదిలేస్తే, ఘర్షణే లేదనుకుంటే, పలక వేగం పుంజుకుని అటువైపు కొంత బయటికి పోయి మళ్లీ వెనక్కి వస్తూ ఊగుతుంది. తిరిగి బయటికి లాగాలంటే అదే 3.3 మైక్రోజౌల్‌ల పని చేయి చేయాలి. అప్పుడు వోల్టేజి మళ్లీ 300కి చేరుతుంది.

లాగే బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. పలకల మధ్య క్షేత్రం పైనుంచి కిందికి తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉన్న క్షేత్రం దేన్నీ పక్కకు లాగలేదు. పక్కకు లాగేది అంచుల దగ్గర బయటికి ఉబ్బిన క్షేత్రం. కెపాసిటెన్స్ సూత్రం రాబట్టేటప్పుడు ప్రతి పుస్తకమూ "అంచు ప్రభావాలను విస్మరిద్దాం" అని పక్కన పెట్టేది దీన్నే. విస్మరించిన ఆ అంచే పనంతా చేస్తుంది. అయినా బలం కనుక్కోవడానికి అంచు క్షేత్రం ఆకారం తెలియనక్కర్లేదు, పలక కొద్దిగా లోపలికి వెళ్తే శక్తి ఎంత మారిందో చూస్తే చాలు.

మన కెపాసిటర్‌కు ఆ బలం 300 వోల్టుల దగ్గర 0.2 మిల్లీన్యూటన్. 20 మిల్లీగ్రాముల బరువుతో సమానం. 1 మిల్లీమీటరు మందం, 10 సెంటీమీటర్ల పొడవు వెడల్పులున్న అభ్రకం పలక బరువు సుమారు 28 గ్రాములు. అంటే లాగే బలం పలక బరువులో వెయ్యో వంతు కూడా లేదు. ఏ కాస్త ఘర్షణ ఉన్నా పలక కదలదు. పలక సరళహరాత్మకంగా ఊగుతుందా, ఊరికే ఊగుతుందా అని పరీక్షల్లో అడిగే ప్రశ్నకు ల్యాబ్‌లో ఆధారం చూపడం కష్టమే. జవాబు మాత్రం తేలికే. వైర్లు తీసేసిన కేసులో బలం స్థిరంగా ఉండదు. పలక సగం లోపలికి వెళ్లేసరికి వోల్టేజి 86కి పడి, బలం పన్నెండో వంతుకు తగ్గుతుంది. చివరికి ముప్ఫై ఆరో వంతే మిగులుతుంది. బలం మధ్య బిందువు నుంచి ఉన్న దూరానికి అనులోమంగా మారడం లేదు కాబట్టి అది సరళహరాత్మక చలనం కాదు.

ఘన పలకలో కనబడని ఈ లాగుడు ద్రవంలో కళ్లకు కనబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో రెండు లోహపు పలకలను 2 మిల్లీమీటర్ల ఎడంతో నిలువుగా ముంచి, వాటి మధ్య 4 కిలోవోల్టులు పెడితే, ఆయిల్ పలకల మధ్య సుమారు రెండున్నర మిల్లీమీటర్లు పైకి ఎక్కి నిలబడుతుంది. ఆయిల్ స్థిరాంకం 2.2 మాత్రమే. వోల్టేజి ఉన్నంతసేపూ ఆ మట్టం అలాగే ఉంటుంది. ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం కాదనుకోండి, 4 కిలోవోల్టులతో ఆటలేమిటి.

ఇప్పుడు వైర్లు తగిలించి ఉంచిన కేసు. ఇక్కడ వోల్టేజి 300 దగ్గర కదలదు, సప్లై కదలనివ్వదు. అభ్రకం లోపలికి వెళ్లేకొద్దీ ఉపరితలం మీద తేలే ఆవేశం పలకల ఆవేశాన్ని రద్దు చేస్తూ పోతుంది. వోల్టేజి పడిపోవాలని చూస్తుంది, సప్లై వెంటనే కొత్త ఆవేశాన్ని పంపి దాన్ని నిలబెడుతుంది. పలక పూర్తిగా చేరేసరికి పలకల మీద ఆవేశం 26.6 నుంచి 159 నానోకూలుంబ్‌లకు పెరిగింది. అందులో 133ని అభ్రకం రద్దు చేసింది. మిగిలింది మళ్లీ అదే 26.6. అందుకే మధ్యలో క్షేత్రం ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే, మిల్లీమీటరుకు 300 వోల్టులు. డైఎలెక్ట్రిక్ పెడితే క్షేత్రం తగ్గుతుందని కళ్లు మూసుకుని రాసేవాళ్లు తడబడేది ఇక్కడే.

శక్తి 4 నుంచి 23.9 మైక్రోజౌల్‌లకు పెరిగింది, అంటే దాదాపు 19.9 పెరుగుదల. పలకను లోపలికి లాగే బలం మాత్రం ఇక్కడా లోపలికే. దిశ మారలేదు. ఇది చాలామందికి మింగుడు పడదు. ఏ వ్యవస్థయినా శక్తి తగ్గే వైపే కదులుతుందని చదువుకున్నాం కదా, శక్తి పెరుగుతుంటే పలక బయటికి తోసేయబడాలి కదా అని. లోపం లెక్కలో బ్యాటరీని మరిచిపోవడంలో ఉంది. అదనంగా వచ్చిన 133 నానోకూలుంబ్‌లను 300 వోల్టుల దగ్గర పంపడానికి సప్లై ఖర్చు చేసింది 39.8 మైక్రోజౌల్‌లు. అందులో సగం కెపాసిటర్‌లో చేరింది. మిగతా సగం పలకను లాగడానికి ఖర్చయింది. బ్యాటరీని కూడా కలుపుకుంటే మొత్తం శక్తి తగ్గింది. స్థిరాంకం ఎంతైనా సరే, పలకను నెమ్మదిగా దూరిస్తే ఈ సగం సగం వాటా మారదు. గబుక్కున దూరిస్తే వైర్లలో కొంత వేడి పుట్టి, ఆ మేరకు యాంత్రిక శక్తి వాటా తగ్గుతుంది.

రెండు కేసుల్లోనూ పలక కదలడం మొదలైన క్షణాన బలం ఒకటే, 0.2 మిల్లీన్యూటన్. పలకకు ఆ క్షణంలో తెలిసేది తన చుట్టూ ఉన్న క్షేత్రమే. బ్యాటరీ వైరు తగిలించి ఉందా లేదా అన్నది దానికెలా తెలుస్తుంది? తేడా అంతా తర్వాత వస్తుంది. వైర్లు తీసేస్తే వోల్టేజి పడిపోతూ బలం నీరసిస్తుంది. వైర్లు ఉంటే చివరిదాకా అదే 0.2 ఉంటుంది. 0.2 మిల్లీన్యూటన్‌ను 10 సెంటీమీటర్లతో గుణిస్తే 20 మైక్రోజౌల్‌లు. బ్యాటరీ లెక్కలో వచ్చిన సగం వాటాతో అది సరిపోతుంది. రెండు కేసులకు రెండు గుర్తులున్న సూత్రాలను బట్టీ పట్టేకన్నా, మొదటి క్షణంలో బలం ఒకటే అన్నది గుర్తుంటే గుర్తు తప్పే ప్రమాదం ఉండదు.

పట్టికకు అసలు పరీక్ష ఇప్పుడు. అలాంటివే రెండు కెపాసిటర్లను శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి 300 వోల్టుల బ్యాటరీకి తగిలించారు. చెరో 150 వోల్టులు. ఇప్పుడు ఒకదాంట్లోకి అభ్రకం దూర్చారు. బ్యాటరీ తగిలించే ఉంది కాబట్టి "బ్యాటరీ ఉంటే" వరుస చూసి శక్తి ఆరు రెట్లయిందని రాస్తే తప్పు. అభ్రకం ఉన్నదాని మీద వోల్టేజి 150 నుంచి 43కి పడిపోతుంది, ఖాళీగా ఉన్నదాని మీద 257కి పెరుగుతుంది. రెండింటి మీద ఆవేశం 1.7 రెట్లు పెరిగింది. అభ్రకం ఉన్న కెపాసిటర్‌లో శక్తి పెరగలేదు, సగానికి కాస్త తక్కువకు దిగింది. ఇక్కడ ఆవేశమూ స్థిరం కాదు, వోల్టేజీ స్థిరం కాదు. స్థిరంగా ఉన్నది రెండు వోల్టేజిల మొత్తం. అభ్రకం చేరినదాని మీద భారం తగ్గింది, పక్కనున్న అమాయకపు కెపాసిటర్ మీద పడింది. దాని రేటింగ్ 200 వోల్టులే అయివుంటే దాని పని అయిపోయినట్టే.

ఇదేదో పరీక్ష కోసం కల్పించిన అమరిక అనిపించవచ్చు. కానీ సందులో సగం మందం పలక పెట్టినా జరిగేది ఇదే. పలక ఒక కెపాసిటర్, మిగిలిన గాలి ఇంకో కెపాసిటర్, రెండూ శ్రేణిలో ఉన్నాయి. పలకను పైకి జరిపినా కిందికి జరిపినా మధ్యలో ఉంచినా మొత్తం కెపాసిటెన్స్ మారదు. పలక పెట్టడంతో మారేది గాలిలోని క్షేత్రం.

అంకెలు పెట్టి చూస్తే ఇది ఎంత మోసకారి విషయమో తెలుస్తుంది. రెండు పలకల మధ్య 1 సెంటీమీటరు గాలి, 25 కిలోవోల్టుల సప్లై. పొడి గాలి సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి ఏమీ కాదు. ఇంకాస్త భద్రత కోసమని ఎవరో మధ్యలో అర సెంటీమీటరు మందం గాజు పలక పెట్టారు. గాజు స్థిరాంకం కూడా 6 అనుకుందాం. గాజు గాలికన్నా ఎన్నో రెట్లు మంచి ఇన్సులేటర్, కాబట్టి పరిస్థితి మెరుగవ్వాలి. కానీ వోల్టేజి పంపకం మారిపోయింది. అర సెంటీమీటరు గాజు తీసుకునేది మూడున్నర కిలోవోల్టులే. మిగిలిన అర సెంటీమీటరు గాలి మీద 21 కిలోవోల్టులకు పైగా పడుతుంది, అంటే సెంటీమీటరుకు దాదాపు 43 కిలోవోల్టులు. గాలి తట్టుకోలేదు, మెరుపు మొదలవుతుంది. మంచి ఇన్సులేటర్‌ను చేర్చడం వల్లే గాలి దెబ్బతింది.

హైవోల్టేజి కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ వైండింగ్‌లు చూసేవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. ఇన్సులేషన్ పోత పోసేటప్పుడు లోపల చిన్న గాలి బుడగ ఒకటి ఉండిపోయిందనుకుంటే, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లో కన్నా ఆ బుడగలో క్షేత్రం ఎక్కువ. గాలి తట్టుకునే శక్తి మాత్రం ప్లాస్టిక్‌కన్నా ఎంతో తక్కువ. రెండు విధాలా బుడగే బలహీనం. ఏసీ వోల్టేజి ప్రతి సైకిల్‌లో బుడగలో చిన్న డిశ్చార్జ్‌లు జరుగుతూ చుట్టూ ఉన్న పదార్థాన్ని కొంచెం కొంచెంగా తినేస్తాయి. దీన్ని పార్షియల్ డిశ్చార్జ్ అంటారు. కేబుల్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే ముందు దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆయిల్ నింపే ముందు వ్యాక్యూమ్‌తో గాలి, తేమ లాగేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

వైర్లు తీసేసిన కేసులో ఈ బెడద లేదు. అక్కడ సగం మందం పలక పెట్టినా గాలిలోని క్షేత్రం ముందున్నంతే ఉంటుంది, పలక లోపల మాత్రమే తగ్గుతుంది. నిజ జీవితంలో ఇన్సులేషన్ మాత్రం దాదాపు ఎప్పుడూ సప్లైకి తగిలించే ఉంటుంది. పుస్తకంలో ముందు వచ్చేది వైర్లు తీసేసిన కేసు కావడంతో, డైఎలెక్ట్రిక్ అంటే క్షేత్రాన్ని తగ్గించేది అన్న ముద్ర మనసులో బలంగా పడిపోతుంది. ఆ వరుసను తిరగేసి చెబితే బాగుంటుంది.

వైర్లు తీసేసిన కేసును ల్యాబ్‌లో చూపించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. 300 వోల్టులు 50కి పడడం చూద్దామని మామూలు డిజిటల్ మల్టీమీటర్ తగిలిస్తే మీటర్ ఏమీ చూపించదు. దాని లోపలి నిరోధం సుమారు 10 మెగా ఓమ్‌లు. 88.5 పికోఫారడ్‌లతో కలిస్తే డిశ్చార్జ్ టైమ్ ఒక మిల్లీసెకను లోపే. ప్రోబ్ ఆనించిన క్షణంలో ఆవేశమంతా మీటర్ గుండా పోతుంది. కెపాసిటర్‌ను వేరు చేశామని మనం అనుకుంటాం, వైర్లు తీసి ఇంకో దారి తెరిచాం, అంతే. అందుకే ఈ ప్రయోగానికి పాతకాలపు బంగారు రేకు ఎలక్ట్రోస్కోపు గానీ, అత్యధిక నిరోధం ఉన్న ఎలక్ట్రోమీటర్ గానీ కావాలి. ఎలక్ట్రోస్కోపుతో చేస్తే ముచ్చటగా ఉంటుంది. గాజు పలక దూరుస్తుంటే విచ్చుకున్న రేకులు దగ్గరికి వస్తాయి, బయటికి లాగితే మళ్లీ విచ్చుకుంటాయి. ఆవేశం ఎక్కడికీ పోలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ప్లాస్టిక్ షీటు వాడితే, చేత్తో పట్టుకుని తుడిచినప్పుడు రాపిడికి దాని మీద చేరిన ఆవేశమే మొత్తం ఫలితాన్ని తారుమారు చేయగలదు. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో చేస్తే తేమకు రేకులు వాటంతటవే వాలిపోతాయి.

మైకేల్ ఫారడే 1837లో చేసిన ప్రయోగంలో ఈ ఇబ్బందిని తెలివిగా దాటేశాడు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే లోహపు గోళాలతో రెండు కెపాసిటర్లను అచ్చు ఒకేలా చేయించాడు. ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో లక్క. ఒకదాన్ని ఛార్జ్ చేసి రెండోదానికి ఆనిస్తే ఆవేశం రెండింటికీ పంచుకుంటుంది. రెండూ ఒకేలా ఉంటే సగం సగం రావాలి. లక్క ఉన్నది ఎప్పుడూ ఎక్కువ వాటా లాక్కునేది. గాజుతో, గంధకంతో కూడా చేసి చూశాడు. విద్యుత్ ప్రభావం దూరం నుంచి తిన్నగా దూకుతుందని, మధ్యలో ఏముందన్నది ముఖ్యం కాదని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్లు. ఆ నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. ఫారడేకన్నా ముందే, 1770లలో, హెన్రీ కావెండిష్ ఇలాంటి కొలతలే తీసి పెట్టుకున్నాడు. అచ్చు వేయించలేదు. 1879లో మాక్స్‌వెల్ ఆ నోటు పుస్తకాలను సరిచూసి ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు. కెపాసిటెన్స్ యూనిట్‌కు ఫారడే పేరు వచ్చింది.

పైన ఉదాహరణకు అభ్రకాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. నెల్లూరు ప్రాంతంలోని గూడూరు చుట్టుపక్కల గనుల నుంచి తవ్వి, పొరలు విడదీసిన అభ్రకం దశాబ్దాల పాటు విదేశాలకు ఎగుమతైంది. రేడియోల కాలంలో మంచి కెపాసిటర్ అంటే మైకా కెపాసిటరే. దాని స్థిరాంకం 6 అన్నది మాత్రం అసలు కారణం కాదు. పల్చటి, చదునైన పొరలుగా విడిపోతుంది, వేడికి దాని గుణాలు పెద్దగా మారవు, మిల్లీమీటరుకు వంద కిలోవోల్టుల స్థాయి క్షేత్రాన్ని తట్టుకుంటుంది. గాలికి ఆ అంకె మూడు.

డైఎలెక్ట్రిక్ గురించి పుస్తకాలు స్థిరాంకానికి ఇచ్చే ప్రాధాన్యం కాస్త ఎక్కువేనని సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్‌ను (కెపాసిటర్‌కు వాడుక పేరు) చూస్తే అర్థమవుతుంది. మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్ట్ ఏసీ అని రాసి ఉంటుంది. లోపల ఉండేది పాలీప్రొపిలీన్ ఫిల్మ్. స్థిరాంకం 2.2 మాత్రమే, అభ్రకంలో సగం కూడా లేదు. అదే 2.5 మైక్రోఫారడ్‌ను 1 మిల్లీమీటరు గాలి ఎడంతో చేయాలంటే ఒక్కో పలక వైశాల్యం 282 చదరపు మీటర్లు కావాలి. దగ్గర దగ్గర 337 గజాల ప్లాటు, అలాంటివి రెండు, ఒకదాని మీద ఒకటి. ఆ సందును పాలీప్రొపిలీన్‌తో నింపితే 2.2 వల్ల కలిసొచ్చేది 128 చదరపు మీటర్లకు తగ్గడమే. ఫ్యాన్ కప్పులో పట్టేంత చిన్నదవడానికి అసలు కారణం మందం. 6 మైక్రాన్ల ఫిల్మ్ అనుకుంటే కావాల్సిన వైశాల్యం చదరపు మీటరులో మూడొంతులకు కాస్త ఎక్కువ. పొడవాటి పట్టీగా చేసి చుట్ట చుడితే చిన్న డబ్బాలో పడుతుంది. 6 మైక్రాన్ల గాలి సందును అన్ని మీటర్ల పొడవునా సమంగా నిలబెట్టడం కుదిరే పని కాదు, నిలబెట్టినా 440 వోల్టుల ఏసీకి అది నిలవదు. ఎడాన్ని కాపాడుతూ వోల్టేజిని తట్టుకోవడమే అక్కడ డైఎలెక్ట్రిక్ చేసే పెద్ద పని. 2.2 రెట్లు అన్నది కొసరు.

స్థిరాంకం అనే పేరున్నా అది అన్నివేళలా స్థిరంగా ఉండదన్నది ఇంకో సంగతి. నీటికి అది గది ఉష్ణోగ్రత దగ్గర 80. కాంతి తరంగాలు కంపించేంత వేగానికి వచ్చేసరికి 1.8 కూడా ఉండదు, నీటి అణువులు అంత త్వరగా తిరగలేవు. ఫోన్లలో, కంప్యూటర్లలో వందల సంఖ్యలో ఉండే ఆవగింజంత సెరామిక్ కెపాసిటర్లలో బేరియం టైటనేట్ ఉంటుంది. దాని స్థిరాంకం వేలల్లో ఉంటుంది, కానీ మీద డీసీ వోల్టేజి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. రేటెడ్ వోల్టేజి దగ్గరికి వచ్చేసరికి కొన్ని రకాలు సగానికి పైగా కెపాసిటెన్స్ పోగొట్టుకుంటాయి. అలాంటి పదార్థం విషయంలో పైన కట్టిన శక్తి లెక్కలు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

నీటి 80 మాత్రం పొలంలో బాగా పనికొస్తుంది. పొడి మట్టి స్థిరాంకం 3 నుంచి 5 మధ్య ఉంటుంది. మట్టిలో గుచ్చిన కెపాసిటివ్ సెన్సర్, తడి పెరిగితే కెపాసిటెన్స్ ఎంత పెరిగిందో చూసి తేమను అంచనా వేస్తుంది. డ్రిప్ వ్యవస్థల్లో మోటారును ఎప్పుడు ఆన్ చేయాలో చెప్పే సెన్సర్లలో కొన్ని ఈ పద్ధతివే. ఎరువుల ఉప్పు, మట్టి రకం కొలతను చెడగొడతాయి కాబట్టి ఏ పొలానికా పొలంలో సరిచూసుకోవాలి. విమానాల ట్యాంకుల్లో ఇంధనం ఎంత ఉందో చెప్పే గేజ్ కూడా ఇదే కుటుంబం. ఒకదాంట్లో ఒకటిగా నిలబెట్టిన రెండు లోహపు గొట్టాల మధ్య ఇంధనం ఎంత ఎత్తున ఉంటే అంత మేర స్థిరాంకం 2.1, దాని పైన 1. ఇలాంటి సెన్సర్లు చాలావాటిలో సర్క్యూటే వోల్టేజిని నడుపుతూ ఆవేశం ఎంత మారిందో చూస్తుంది. ఛార్జ్ చేసి వదిలేస్తే లీకేజీకే కొలత పోతుంది.

మళ్లీ ఫ్యాన్ దగ్గరికి వస్తే, కొన్నేళ్లు తిరిగిన ఫ్యాన్ రెగ్యులేటర్ ఐదులో పెట్టినా నీరసంగా తిరగడం అందరికీ తెలిసిందే. ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మార్చగానే చాలాసార్లు వేగం తిరిగి వస్తుంది. పాత కండెన్సర్‌ను మీటర్ మీద పెట్టి చూస్తే 2.5కి బదులు 1.8, 1.5 చూపిస్తుంది. ఫిల్మ్ స్థిరాంకం తగ్గి కాదు అలా అయింది. ఫిల్మ్ మీద పలకగా పనిచేసేది ఆవిరి పూతగా వేసిన అతి పల్చటి లోహం. ఫిల్మ్‌లో ఎక్కడైనా బలహీనమైన చుక్క దగ్గర డిశ్చార్జ్ జరిగితే, ఆ వేడికి చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోయి, ఆ చుక్క మిగతా పలక నుంచి తెగిపోతుంది. షార్ట్ అవకుండా కండెన్సర్ తన్ను తాను బాగు చేసుకున్నట్టు. కానీ అలా బాగు చేసుకున్న ప్రతిసారీ పలక వైశాల్యంలో కొంత శాశ్వతంగా పోతుంది. ఉన్న లోహం అంచులు కూడా తేమకు, గాలి సందుల్లో జరిగే డిశ్చార్జ్‌లకు తరుగుతూ వస్తాయి. పోయిన వైశాల్యం మేరకు కెపాసిటెన్స్ పోతుంది, స్టార్టింగ్ వైండింగ్‌కు అందే కరెంటు తగ్గుతుంది, టార్క్ (తిప్పే బలం) తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది.